నీ ఎలుకలు బతికాయి కదే

పెద్దమ్మకి మూడో కీమో వాయిదా పడిన సాయంత్రం, విజయవాడలో మేం దిగిన గదిలో ఆమె సంచి నేను సర్దుతుంటే చీరల అడుగున హార్లిక్స్ సీసా తగిలింది. మూత తీస్తే లోపల హార్లిక్స్ లేదు. పాత ఇటుకని దంచినట్టు లేత ఎర్రటి పొడి ఉంది. వాసన చూడక్కర్లేకపోయింది. ఆ రంగు ఒకప్పుడు ఏడాది పాటు నా గోళ్ల సందుల్లోంచి పోలేదు. తెల్లమద్ది బెరడు.

“ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావు?” అన్నాను.

“మొదటి సూది అయిన మర్నాటి నుంచీ. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, పాలల్లో కాచుకుని.” నేను నోరు మెదపకపోయేసరికి తనే మళ్లీ అంది. “అలా చూస్తావేంటి? నువ్వు చదివిందేగా. నీ ఎలుకలు బతికాయి కదే.”

2011లో నేను ఎం.ఫార్మసీ రెండో ఏడాది, ఫార్మకాలజీ. మా బ్యాచ్‌లో ప్రాజెక్టులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఒక మొక్క, ఒక అవయవం, ఆ అవయవాన్ని పాడుచేసే ఒక మందు. నేల ఉసిరి తీసుకున్నవాడికి కాలేయం, పొడపత్రి తీసుకున్న అమ్మాయికి షుగరు, సరస్వతి ఆకు తీసుకున్నవాళ్లకి జ్ఞాపకశక్తి. నాకు గుండె మీద చేయాలని ఉండేది. గుండె అనగానే మన దగ్గర ఎవరైనా చెప్పేది మద్దే. వాగ్భటుడి కాలం నుంచీ గుండెజబ్బుకి దాని పేరు వినిపిస్తోంది. పాలల్లో బెరడు కాచి ఇచ్చే క్షీరపాకం ఆయుర్వేద వైద్యులు ఇప్పటికీ రాస్తారు. ఇంట్రడక్షన్ చాప్టర్ రాయడం తేలిక అన్నది కూడా ఒక కారణమే, దాచడం దేనికి.

ఇంకో కారణం పెద్దమ్మ వాళ్ల ఊరు. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి గుడి ఉంది. మద్ది చెట్టు తొర్రలో వెలిసిన స్వామి. గర్భాలయానికి విడిగా శిఖరం ఉండదు, చెట్టే శిఖరం. పెద్దమ్మ ప్రతి మంగళవారం వెళ్లి ప్రదక్షిణలు చేసేది. నా పెళ్లి కోసం కూడా చేసిందట, నాకు చెప్పకుండా. నా ప్రాజెక్టు మద్ది మీద అని ఫోన్లో చెప్పగానే తను దాన్ని చదువు అనుకోలేదు. స్వామి పిలిచాడనుకుంది.

ఆ చెట్టు మీద చెయ్యి వేయలేం కాబట్టి పెదనాన్న నన్ను ఎర్రకాలువ గట్టుకి తీసుకెళ్లాడు. తెల్లమద్దికీ నల్లమద్దికీ తేడా పుస్తకంలో కంటే ఆయన దగ్గరే బాగా నేర్చుకున్నాను. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. తెల్లమద్ది బూడిద రంగులో నున్నగా ఉండి పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది, లోపల గులాబీ రంగు. కాయకి అయిదు రెక్కలు. పచారీ కొట్లో పొడి కొంటే ఈ గుర్తులేవీ మిగలవు, రెండూ ఒకేలా ఎర్రగా ఉంటాయి. పెదనాన్న మూడు చెట్లు చూసి, మూడోదానికి పడమటి వైపు అరచెయ్యి వెడల్పున, మూరెడు పొడవున ఒక్క చీలిక తీశాడు. ఇంకాస్త తియ్యమంటే తియ్యలేదు. “చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోద్ది. ఒక పక్కన తీస్తే పూడుకుంటది,” అన్నాడు. మిగతాది పక్క చెట్ల నుంచి అదే కొలతలో తీశాడు.

ఒక కొమ్మ, కాయలు, బెరడు ముక్క తిరుపతికి పంపాను. మా వైపు ఫార్మసీ కాలేజీల్లో సగం మొక్కలకి ‘ఇది ఫలానా మొక్కే’ అనే సర్టిఫికెట్ అక్కడి నుంచే వస్తుంది. బెరడు నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి, సాక్స్‌లెట్‌లో పెట్టాను. సాక్స్‌లెట్ అంటే కింద సారా మరుగుతుంటే ఆవిరి పైకెళ్లి చల్లబడి పొడి మీద పడి, గొట్టం నిండగానే బుడుంగున కిందికి దిగిపోయే గాజు సరంజామా. మూడు రోజులు ఆ బుడుంగుల లెక్కే. 500 గ్రాముల పొడికి చివర 90 గ్రాముల సారం మిగిలింది, ముదురు పాకంలా జిగటగా, నాలుకని పట్టేసేంత వగరుగా.

ఎలుకలు ముప్ఫై. విస్టర్ జాతి తెల్లవి, ఆరేసి చొప్పున అయిదు గుంపులు. గుండెని పాడుచేసే మందుగా క్యాన్సర్‌కి వాడే డాక్సోరూబిసిన్ ఎంచుకున్నాను. కిలో బరువుకి 2.5 మి.గ్రా. చొప్పున రెండు వారాల్లో ఆరు సూదులు, పొట్టలోకి. రెండు గుంపులకి మద్ది సారం, ఒకదానికి కిలోకి 200 మి.గ్రా., ఇంకోదానికి 400. డాక్సో మాత్రమే తీసుకున్న గుంపు రెండో వారానికే తెలిసిపోయింది. బొచ్చు రేగిపోయి, కళ్ల చుట్టూ ఎర్రటి జిగురు కట్టి, పొట్టలు నీరు పట్టి ఉబ్బాయి. అందులో రెండు చచ్చిపోయాయి. 400 గుంపు మాత్రం తిరుగుతోంది, తింటోంది. గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే సికె-ఎంబి, ఎల్‌డిహెచ్ మామూలుకి దగ్గరగా వచ్చాయి. ఆ రాత్రి పెద్దమ్మకి ఫోన్ చేసి, “స్వామి దయ వల్ల ఎలుకల గుండెలు బావున్నాయి పెద్దమ్మా,” అని చెప్పాను. ఆమె మనసులో పాతుకుపోయింది ఆ ఒక్క ఫోనే.

చెప్పనిది ఒకటుంది. బావున్న ఎలుకలు కూడా బతకలేదు. గుండె కండరం మైక్రోస్కోప్ కింద ఎలా ఉందో చూడాలంటే గుండె తీయాలి. మొత్తం ఇరవై ఎనిమిదింటినీ ఒకే రోజు మత్తిచ్చి చంపి, గుండెలు ఫార్మలిన్ సీసాల్లో వేశాం. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ పెద్దాయన నా గ్రాఫులన్నీ తిప్పి చూసి ఒకే ఒక ప్రశ్న అడిగారు. “ఈ ఎలుకల్లో క్యాన్సర్ ఉన్నది ఎన్నిటికమ్మా?”

“ఒక్కదానికీ లేదు సార్.”

“మరి నీ చెక్క గుండెని కాపాడినట్టే గడ్డని కూడా కాపాడదని ఎలా తెలుసు?”

“ఫర్దర్ స్టడీస్ అవసరం సార్,” అన్నాను. ఆ మాట ఫార్మసీ వాళ్ల గోవింద నామం. ఆయన నవ్వి సంతకం పెట్టారు. నాకు మంచి మార్కులే వచ్చాయి.

పదకొండేళ్ల తర్వాత పెద్దమ్మకి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు రాసింది నాలుగు ‘ఏసీ’ సైకిళ్లు, అంటే నాలుగు విడతల కీమో, తర్వాత పన్నెండు వారాలు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు. ఏసీ అంటే గదిలో ఏసీ ఉంటుందనుకుని పెద్దమ్మ శాలువా తెచ్చుకుంది. అందులో ‘ఎ’ అంటే ఆడ్రియామైసిన్, అంటే డాక్సోరూబిసిన్. నా ఎలుకలకి పొడిచిన మందే. సిస్టర్ పెద్ద సిరంజిలో ఆ ఎర్ర మందు తెచ్చి, మెల్లగా, సెలైన్ పారుతుండగా చేత్తో తోస్తుంటే నేను తల తిప్పేసుకున్నాను. నరం దాటి బయటికి చిమ్మితే కండని తినేసే మందు అది.

దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. దక్షిణ ఇటలీలో కాస్తెల్ దెల్ మోంతే అనే పాత కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఈ కుటుంబానికి మూలం. పక్కనే ఉన్న ఆడ్రియాటిక్ సముద్రం పేరే ఆడ్రియామైసిన్‌కి పెట్టారు. 1974లో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పటి నుంచీ ఎన్ని కొత్త మందులు వచ్చినా దీన్ని పక్కన పెట్టలేకపోయారు, అంత బాగా పనిచేస్తుంది. చిక్కల్లా గుండెతోనే. ఒంట్లో చేరిన మొత్తం లెక్క పెరిగేకొద్దీ గుండె దెబ్బతింటుంది. 1979లో వేసిన లెక్క ప్రకారం, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి మొత్తం 400 మి.గ్రా. చేరినవాళ్లలో సుమారు 3 శాతం మందికి, 550 దగ్గర 7 శాతానికి, 700 దగ్గర 18 శాతానికి గుండె వైఫల్యం వచ్చింది. 2003లో మళ్లీ చూస్తే 550 దగ్గర ఏకంగా 26 శాతం తేలింది. అందుకే మొత్తం మోతాదుకి గీత గీశారు. పెద్దమ్మకి సైకిల్‌కి చదరపు మీటరుకి 60 చొప్పున నాలుగు సైకిళ్లకి 240. గీతకి చాలా ఇవతల. ముందు తీసిన ఎకోలో ఈఎఫ్, అంటే గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో బయటికి తోసే శాతం, 62. నిజానికి ఆమె గుండెకి అన్నిటికంటే పెద్ద కాపలా ఈ రెండు అంకెలే. కానీ అంకెల్ని పాలల్లో కాచుకుని తాగలేం కదా.

మొదటి సైకిల్ రాత్రి ఒంటిగంటకి ఫోన్. “అమ్మడూ, రక్తం పడతాంది.” మూత్రం ఎర్రగా వచ్చిందట. అది రక్తం కాదు, మందు రంగు, ఒకటి రెండు రోజుల్లో పోతుందని చెప్పాను. ముందే చెప్పాల్సింది నేనే. మందుల దుష్ప్రభావాలు చదవడమే నా ఉద్యోగం. హైదరాబాద్‌లో డ్రగ్ సేఫ్టీలో కేసులు ప్రాసెస్ చేస్తాను, రోజుకి ఇన్ని అని టార్గెట్. మా ఇంటి కేసు మాత్రం మర్చిపోయాను. ఆ రాత్రి పుట్టిన భయమే ఆమెని మద్ది చెక్క వైపు తోసిందని నా అనుమానం. ఒంట్లోంచి అంత ఎర్రగా బయటికి వచ్చేది లోపల గుండెని ఏం చేస్తుందో అనుకుంది. మర్నాడే పెదనాన్నకి కబురు పెట్టింది.

మూడో సైకిల్ ముందు రక్తపరీక్షలో కాలేయం సంగతి చెప్పే అంకెలు పెరిగాయి, ఎస్‌జీపీటీ 140, బిలిరుబిన్ 1.6. డాక్సోరూబిసిన్ బయటికి పోయేది ఎక్కువగా కాలేయం, పిత్తం దారినే. బిలిరుబిన్ 1.2 దాటితే మోతాదు సగానికి తగ్గించాలని మందు కాగితం మీదే ఉంటుంది. సగం మోతాదు ఇవ్వడం ఇష్టంలేక డాక్టరు వారం ఆగుదామన్నారు. “ఇంకేమైనా వాడుతున్నారా?” అని అడిగితే పెద్దమ్మ లేదంది. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. మద్ది మందు కాదు, మద్ది.

ఇక ఆ హార్లిక్స్ సీసా దగ్గరికి వస్తాను.

నేను అరవలేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. కోపం వచ్చినప్పుడు నాకు అదే మందు. ఎలుకకి కిలోకి 400 మి.గ్రా. అంటే మనిషికి దాన్ని 6.2తో భాగించాలి, సుమారు 64.5 మి.గ్రా. పెద్దమ్మ 54 కిలోలు, అంటే రోజుకి మూడున్నర గ్రాముల సారం. వందకి పద్దెనిమిది చొప్పున సారం దిగింది కాబట్టి, దానికి 19 గ్రాములకి పైగా బెరడు కావాలి. రెండు చెంచాలకి ఏడెనిమిది గ్రాములకి మించి రాదు. పైగా నేను సారాలో తీశాను, ఆమె పాలల్లో కాస్తోంది. రెంటిలోకీ దిగే పదార్థాలు ఒకటి కావు. నా ఎలుకలకి పని చేసిందే అనుకున్నా, ఈమె తాగుతున్నది అది కాదు. కానీ కాలేయానికి పని పెంచడానికి ఎంత చాలు అన్నదానికి ఇలాంటి లెక్క లేదు.

“అయితే ఇంకాస్త ఎక్కువేసుకోవాలా?” అంది పెద్దమ్మ, కాగితం చూసి. నా లెక్కల వల్ల ఒరిగింది అది.

అప్పుడు చెప్పాను, అన్నీ. ఎలుకలు చచ్చిపోయాయని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. “అన్నీనా?” అంది చివరికి. “అన్నీ.” “చెక్క తాగినవి కూడా?” “వాటి గుండెలు కోసి చూస్తేనే బావున్నాయని తెలిసింది.” గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు మొహం పెట్టింది. ఎక్స్‌టర్నల్ అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. గడ్డల్లేని ఎలుకల్లో ఒక్క గుండెనే చూశామని, నీకు గడ్డ సంగతే ముఖ్యం కదా అని.

నా థీసిస్ రాసేటప్పుడు కథ సూటిగా ఉండేది. డాక్సో గుండెలో ఇనుముతో కలిసి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, మొక్కలో యాంటీ ఆక్సిడెంట్లు వాటిని చల్లారుస్తాయి, అయిపోయింది. అందరం ఆ రాడికల్స్ జాడ చెప్పే ఎస్‌ఓడీ, కాటలేజ్, ఎండీఏ కొలిచాం. నా డిగ్రీ అయిన మరుసటి ఏడాదే, 2012లో, గుండె కణాల్లో టోపోఐసోమరేజ్-2 బీటా అనే ఎంజైమ్ తీసేసిన చిట్టెలుకల మీద ఈ మందు అంత దెబ్బ కొట్టలేకపోయిందని తేలింది. అంటే దెబ్బలో పెద్ద వాటా ఆ ఎంజైమ్‌ని పట్టుకోవడం వల్ల, రాడికల్స్ ఆ కథలో ఒక పాత్ర మాత్రమే. విటమిన్ ఇ ఎలుకల్లో బ్రహ్మాండంగా పని చేసింది, మనుషుల్లో చేయలేదు. అమెరికాలో ఈ పనికోసమే అనుమతి పొందిన మందు ఒక్కటే, డెక్స్‌రాజోక్సేన్, 1995లో. అది కూడా అందరికీ ఇవ్వరు. కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్ లింఫోమా అనే ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల్లో ఈఎఫ్ పడిపోవడాన్ని తగ్గించిందని 2023లో వచ్చింది. దానికి ముందు ఏడాది ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్షలో అదే మాత్ర ఏమీ చేయలేదు. మిల్లీగ్రాము తేడా లేకుండా తయారయ్యే మాత్రకే ఈ గతి. ఎర్రకాలువ గట్టు మీది చెట్టు సంగతి చెప్పేదేముంది.

మద్దిని కూడా మనుషుల్లో చూశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె బలహీనపడ్డ వందమందితో 12 వారాలు చేసిన పరీక్ష 2016లో అచ్చయింది. కొందరికి ఓపిక కాస్త పెరిగినట్టుంది కానీ ఈఎఫ్ పెరగలేదు. వాళ్లు కీమో రోగులు కూడా కాదు.

ఇవన్నీ పెద్దమ్మకి చెప్పలేదు. ఆమె అడిగింది వేరు. “అయితే చెట్టు చెక్కలకి శక్తి లేదంటావు.”

లేదని ఎలా అంటాను? ఆమెకి ఏసీ తర్వాత ఎక్కించబోయే పాక్లిటాక్సెల్ చెట్టు బెరడులోంచి వచ్చిందే. పసిఫిక్ యూ అనే చెట్టు, అమెరికా పడమటి అడవుల్లోది. 1962లో బెరడు కోశారు, మందుగా బయటికి వచ్చింది 1992లో. ముప్ఫై ఏళ్లు. ఆ మాట చెబితే కళ్లు పెద్దవి చేసింది. “ముప్ఫై ఏళ్లు దంచారా?” అంది. దంచారు, ఒక రకంగా. మా ఇంటి ముందు బిళ్లగన్నేరు నుంచి క్యాన్సర్ మందు వస్తుందని కూడా చెప్పాను. అది పొరపాటయింది. ఇంటికెళ్లాక ఆ మొక్కని ఎవరూ పీక్కుతినకుండా పెదనాన్నకి విడిగా జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు సీసా పట్టుకుని డాక్టరు గదికి ఇద్దరం వెళ్లాం. ఆయన తిడతారేమోనని పెద్దమ్మకి టెన్షన్. తిట్టలేదు. కేస్ షీట్‌లో రాసుకుని, కీమో అయ్యేదాకా ఆపేయమన్నారు, అంతే. వారానికి బిలిరుబిన్ 0.9కి దిగింది, మూడో సైకిల్ పూర్తి మోతాదు ఇచ్చారు. చెక్క వల్లే పెరిగిందా అంటే నేను చెప్పలేను. ఆ వారం చెక్కా ఆగింది, కీమోకి కూడా విరామం దొరికింది, ఆ మందులు కూడా కాలేయాన్ని ఇలాగే చేయగలవు. ఆఫీసులో అయితే ఇలాంటిదానికి ‘పాసిబుల్’ అని టిక్ పెట్టి తర్వాతి కేసుకి పోతాను.

ఆ టిక్ పెట్టడానికి కూడా ముందు కేసు అంటూ ఉండాలి కదా. ఇన్నేళ్లలో నా స్క్రీన్ మీద చూసిన కీమో కేసుల్లో మూలికల వివరం ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడక కాదు, ఎవరూ అడగక, అడిగినా ‘మద్ది మందు కాదు’ గనక. మన దేశంలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ఫారంలో సొంత వైద్యం, మూలికలు రాయమని స్పష్టంగానే ఉంటుంది. అది ఖాళీగా వస్తుంది.

నాలుగో సైకిల్ అయ్యాక ఎకోలో ఈఎఫ్ 60 వచ్చింది. ఆ రాత్రి ఫారం డౌన్‌లోడ్ చేసుకుని కూర్చున్నాను. రోగి పేరుకి పొడి అక్షరాలు, వయసు, బరువు. అనుమానిత మందు ఒకటి, డాక్సోరూబిసిన్. రెండు, సైక్లోఫాస్ఫమైడ్. మూడు, తెల్లమద్ది బెరడు పొడి, చెంచా చొప్పున రెండు పూటలా, నోటి ద్వారా, పాలతో. ఎందుకు వాడారు అన్న గడిలో ‘గుండె రక్షణకు’ అని రాశాను. తయారీదారు గడిలో ‘ఇంట్లో’ అని రాశాను. బ్యాచ్ నంబరు దగ్గర ఆగి పెదనాన్నకి ఫోన్ చేశాను, ఏ చెట్టుది తీశావు అని.

“నీకు తీసిన చెట్టుదేనమ్మా. మూడోది. అప్పుడు కోసిన మచ్చ పూర్తిగా పూడిపోయింది, చెయ్యి పెడితే గాని తెలీదు. దాని పక్కనే తీశాను.”